టైము లేని అమ్మలకి: ఒకే వంటతో ఇంటిల్లిపాదికీ సరైన తిండి పెట్టుకోవడం ఎలా?

"మేడమ్, ఒక డైట్ చార్ట్ రాసిచ్చెయ్యండి, దాని ప్రకారం వండేస్తాను." పాలకొల్లులో అడిగినా, అమలాపురంలో అడిగినా నా దగ్గరికొచ్చే అమ్మల మొదటి మాట ఇదే. వీళ్ళలో టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగాలవాళ్ళున్నారు, రొయ్యల ప్లాంటులో షిఫ్టులు చేసేవాళ్ళున్నారు, ఇంట్లోనే మిషను కుట్టుకుంటూ ముగ్గురు పిల్లల్ని బడికి పంపేవాళ్ళున్నారు.

తిండి సలహాలు చెప్పే ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేనూ అచ్చు వేసిన చార్టులే ఇచ్చేదాన్ని. అందులో ఓట్స్, బ్రకోలీ ఉండేవి. వారం పోయాక ఫోన్ చేస్తే, "మా ఆయన ముట్టుకోలేదండీ, పిల్లలకి వేరే వండాను, నేను ఏదో మిగిలింది తినేశాను" అనేవాళ్ళు. అంటే నా చార్టు వల్ల ఆవిడకి జరిగిన మేలు ఏమీ లేదు, ఇంకో వంట పెరిగింది. అప్పట్నుంచి చార్టులు మానేసి, ఈ కింద రాసిన వరసలో చెబుతున్నాను. అందరూ మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి మొత్తం ఒకచోట పెడుతున్నాను.

మూడు సంగతులు మనసులో పెట్టుకుంటే చాలు. ఇంట్లో అందరికీ ఒకటే వంట. కంచంలో ముందు కూర, తర్వాత అన్నం. వండిన మనిషి కంచం కూడా అందరి కంచాలతో పాటే. మిగతాదంతా ఈ మూడూ కుదరడానికి చేసుకునే ఏర్పాటు.

## 1. ముందు మూడు రోజులు రాయండి, ఏమీ మార్చకండి

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి వంటింట్లో పెట్టుకోండి. రెండు మామూలు రోజులు, ఒక ఆదివారం. ఎవరు ఎన్నింటికి ఏం తిన్నారో రాయండి. గ్రాములు అక్కర్లేదు, "రెండు గరిటెల అన్నం, చారు, అప్పడం" అంటే చాలు. అందరికన్నా ముఖ్యంగా మీది రాయండి.

రొయ్యల ప్లాంటుకి వెళ్ళే ఒకావిడ తెచ్చిన పుస్తకంలో ఒక పేజీ నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఉదయం 6 టీ. 9.30 పిల్లాడు వదిలేసిన ఇడ్లీ ఒకటిన్నర. 3 గంటలకి అన్నం, ఆవకాయ, మజ్జిగ. రాత్రి 10 అన్నం, చారు." అదే రోజు ఆ ఇంట్లో చేపల పులుసు వండారు. ఎనిమిది ముక్కలు. ఆయనకి మూడు, ఇద్దరు అబ్బాయిలకి రెండేసి, అత్తయ్యగారికి ఒకటి. లెక్క సరిపోయింది, ఆవిడకి పులుసు మిగిలింది. ఎవరి మనసూ చెడ్డదై కాదు, ఎవరూ వద్దనలేదు కూడా, అలవాటుగా అలా జరిగిపోయింది. రాసి చూసుకునేదాకా ఆవిడకే తెలియలేదు.

ఈ మూడు రోజుల్లోనే ఇంకో పని:

- నూనె ప్యాకెట్ కత్తిరించినప్పుడు దాని మీద పెన్నుతో తేదీ రాయండి.
- ఉప్పు, పంచదార ప్యాకెట్ల మీద కూడా రాయండి.
- పిల్లలు డబ్బులు పట్టుకెళ్ళి కొట్టులో కొనుక్కునే ప్యాకెట్లు కూడా పుస్తకంలోకి ఎక్కాలి.

## 2. కంచం లెక్క ఒక్కసారి అర్థం చేసుకోండి

హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, 2000 కిలో కేలరీల తిండి తినే మనిషికి ఒక రోజు కంచం ఎలా ఉండాలో లెక్క ఇచ్చింది. అది ఒక మనిషికి. నేను నలుగురున్న ఇంటికి మార్చి చెబుతాను, వండేది గిన్నెడు కాబట్టి.

- బియ్యం, ఇడ్లీ రవ్వ, గోధుమపిండి అన్నీ కలిపి కిలో (మనిషికి 250 గ్రాములు)
- పప్పులు, శనగలు 340 గ్రాములు (మనిషికి 85). ఇందులో కొంత భాగం బదులు గుడ్డు, చేప, కోడిమాంసం పెట్టుకోవచ్చు
- ఆకుకూర 400 గ్రాములు, మిగతా కూరగాయలు కిలోంపావు దాకా (రెండూ కలిపి మనిషికి 400)
- పండ్లు 400 గ్రాములు
- పాలు, పెరుగు కలిపి లీటరుంపావుకి కాస్త తక్కువ (మనిషికి 300 మిల్లీలీటర్లు)
- వేరుశనగ గుళ్ళు, నువ్వులు, బాదం లాంటివి 140 గ్రాములు
- నూనె, నెయ్యి కలిపి 110 గ్రాముల లోపు (మనిషికి 27)

చిన్నపిల్లలకి ఇంత పట్టదు, చేలో పనిచేసే మనిషికి ఇది చాలదు. కానీ దీన్ని మీ పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే మన గోదావరి ఇళ్ళ సంగతి ఇట్టే బయటపడుతుంది. అన్నం ఎక్కువ, కూర తక్కువ. పావుకిలో బెండకాయలు నలుగురికి వేపుడు చేస్తే అవి ముడుచుకుపోయి మనిషికి నాలుగు చెంచాలొస్తాయి. అదే కంచంలో పప్పుతో ఒక వాయి అన్నం, కూరతో ఒక వాయి, చారుతో ఒక వాయి, పెరుగుతో ఇంకో వాయి. నాలుగు వాయిలకీ అన్నం కావాలి కదా.

దీనికి నేను చెప్పే మందు సులువు. కూర రెండింతలు వండండి, వాయిలు తగ్గించండి. ముందు కంచంలో కూర, పప్పు వడ్డించి, ఆ తర్వాత అన్నం పెట్టండి. పప్పు, కూర ఒకే వాయిలో, పెరుగుతో ఒక చిన్న వాయి. చారు గ్లాసులో పోసి తాగమనండి. మొదటి వారం ఇంట్లో గొణుగుతారు. రెండో వారానికి అలవాటవుతుంది.

కిలోన్నర కూరగాయలంటే ఖర్చు అని మీరు అంటారు, నిజమే. అందుకే మొదట ఇప్పుడు వండేదానికి రెట్టింపు చెయ్యండి, అక్కడితో మొదలుపెట్టండి. ఖరీదైనవి అక్కర్లేదు. ఆనపకాయ, అరటికాయ, గుమ్మడికాయ, దోసకాయ, కంద, అరటి దూట, అరటిపువ్వు. పెరట్లో మునగచెట్టు, గోడమీద బచ్చలి తీగ ఉంటే మీకు సగం ఆకుకూర డబ్బిచ్చి కొనక్కర్లేదు.

నూనె విషయంలో నెల లెక్క గుర్తు పెట్టుకోండి: మనిషికి నెలకి లీటరు లోపే. నలుగురికి మూడున్నర లీటర్లు దాటితే వేపుళ్ళు తగ్గించాలి. ఉప్పు రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు, అంటే కిలో ప్యాకెట్ నలుగురికి నెలన్నర దాటి రావాలి. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు, చిప్స్‌లో ఉండే ఉప్పు కూడా ఈ 5 గ్రాముల్లోదే. పంచదార, బెల్లం అన్నీ కలిపి మనిషికి రోజుకి 25 గ్రాముల లోపు, ఐదు టీ స్పూన్లు.

## 3. వారానికి ఒక్కసారి సరుకుల జాబితా

శనివారం సాయంత్రం పది నిమిషాలు కూర్చుని రాసుకోండి. నలుగురికి:

- ఆకుకూరలు: తోటకూర, పాలకూర, గోంగూర, చుక్కకూర, మెంతికూరల్లో మూడు రకాలు, వారానికి రెండుసార్లు తాజాగా
- త్వరగా పాడయ్యేవి (బెండ, వంగ, బీర): మొదటి మూడు రోజులకి సరిపడా
- నిలవ ఉండేవి (కంద, గుమ్మడి, అరటికాయ, దోసకాయ, క్యారెట్): వారం చివరికి
- గుడ్లు: ఒక ట్రే (30)
- కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, పెసలు, నల్ల శనగలు, బొబ్బర్లు
- వేరుశనగ గుళ్ళు కిలో లోపు, నువ్వులు పావుకిలో
- నిమ్మకాయలు పది, ఉసిరికాయల రోజుల్లో ఉసిరి
- పండ్లు: అరటిపళ్ళు, జామకాయలు, బొప్పాయి. అరటిపళ్ళ మార్కెట్టున్న మన రావులపాలెం పక్కన ఉండి ఆపిల్ కోసం అప్పు చెయ్యక్కర్లేదు

చేపలు కొనేటప్పుడు ఒక మాట. శీలావతి, బొచ్చె, కొరమేను మంచివే. కానీ మెత్తళ్ళు, పరిగెల లాంటి చిన్న చేపలు ముళ్ళతో సహా నమిలి తింటాం కాబట్టి కాల్షియం కూడా దొరుకుతుంది, ధర కూడా పెద్ద చేపంత ఉండదు. వాటిని బాగుచెయ్యడానికి టైం పడుతుందని మానేస్తారు. బజారులోనే బాగుచేయించండి, ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువైనా ఇవ్వండి. ఇంటికి తెచ్చాక ఉప్పు, పసుపుతో కడిగి, ఒక్కో పూటకి సరిపడా వేరు వేరు డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఒకే డబ్బాలో పెడితే రోజూ మొత్తం కరిగించాలి, అలా కరిగి గడ్డకట్టి కరిగిన చేప మంచిది కాదు.

## 4. ఆదివారం గంటన్నర

ఇక్కడ వరస ముఖ్యం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తప్పితే గంటన్నర కాస్తా మధ్యాహ్నం దాకా సాగుతుంది.

శనివారం రాత్రి పడుకునేముందు:

- నల్ల శనగలు లేదా బొబ్బర్లు అరకిలో ఒక గిన్నెలో నానబెట్టండి
- మునగాకు రెమ్మలు కడిగి గుడ్డ మీద ఆరబెట్టండి

ఆదివారం ఉదయం కాఫీకి లేచిన వెంటనే రెండు గ్లాసుల మినప్పప్పు నానెయ్యండి. పొట్టు మినప్పప్పయితే ఇంకా మంచిది, కడిగేటప్పుడు సగం పొట్టు పోతే చాలు, తెల్లగా మెరిసేదాకా రుద్దక్కర్లేదు. నాలుగైదు గంటల్లో నానుతుంది.

తర్వాత పనులు ఈ వరసలో:

1. నానిన శనగలు కుక్కర్లో పెట్టండి. అవి ఉడికేలోపు పొయ్యి రెండోవైపు ఖాళీగా ఉంచకండి.
2. రెండోవైపు ఇనప మూకుడు పెట్టి వేరుశనగ గుళ్ళు, నువ్వులు విడివిడిగా నూనె లేకుండా వేయించండి. ఒకసారికి వారం మొత్తానికి సరిపడా.
3. అదే మూకుట్లో పొడికి కావలసినవి వేయించండి (కింద రాశాను).
4. అవి చల్లారేలోపు ఆకుకూరలు బాగుచేసుకోండి. కడగకండి, కొయ్యకండి. పుచ్చులు, వేళ్ళు తీసేసి పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. తడితో పెడితే రెండో రోజుకే కుళ్ళుతుంది.
5. చింతపండు గుజ్జు ఒక సీసా తీసి పెట్టుకోండి. అల్లం వెల్లుల్లి ముద్ద కూడా.
6. ఉడికిన శనగలు చల్లారాక మూడు డబ్బాలుగా పెట్టండి. ఒకటి ఫ్రిజ్‌లో, రెండు ఫ్రీజర్‌లో.
7. సాయంత్రం మినప్పప్పు రుబ్బి, గ్లాసుకి రెండు గ్లాసుల చొప్పున కడిగిన ఇడ్లీ రవ్వ కలపండి. ఈ పిండే సోమవారం ఇడ్లీ, మంగళవారం దిబ్బరొట్టె, బుధవారం కూరగాయ ముక్కలేసిన ఊతప్పం.

మునగాకు పొడి. ఆరిన మునగాకు రెండు పెద్ద గుప్పెళ్ళు, వేరుశనగ గుళ్ళు ఒక గుప్పెడు, నువ్వులు సగం గుప్పెడు, మినప్పప్పు రెండు చెంచాలు, ధనియాలు ఒక చెంచా, జీలకర్ర అర చెంచా, ఎండుమిర్చి ఆరు. గింజలూ పప్పులూ ఒకదాని తర్వాత ఒకటి వేయించి, మునగాకు మాత్రం ఆఖర్లో సన్న సెగ మీద గలగల్లాడేదాకా తిప్పండి. నల్లబడితే చేదు వస్తుంది, ఆకుపచ్చ రంగు ఉండగానే దింపెయ్యాలి. చిన్న చింతపండు ముక్క, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, తక్కువ ఉప్పు వేసి బరకగా కొట్టండి. ఇది ఇంట్లో ఉంటే ఆవకాయ సీసా వైపు చెయ్యి పోదు. టిఫినులోకి, అన్నంలోకి, పిల్లల అట్టు మీద చల్లడానికి, అన్నిటికీ ఇదే.

ఓపిక ఉంటే ఒక పళ్ళెం నువ్వుండలు చుట్టుకోండి. లేకపోతే వేయించిన గుళ్ళు, చిన్న బెల్లం ముక్క డబ్బాలో పెట్టేస్తే సాయంత్రం చిరుతిండి అయిపోయినట్టే.

## 5. రాత్రి పావుగంట, పొద్దున్న గంట

పొద్దున్న టెన్షన్‌లో సగం "ఏం వండాలి" అన్న ఆలోచనదే. రాత్రే తేల్చేసుకోండి.

రాత్రి పడుకునేముందు:

- రేపటి పప్పు గిన్నెలో కొలిచి పెట్టండి, పెసరట్టయితే పెసలు నానెయ్యండి
- రేపటి కూరగాయ కడిగి, గట్టిరకం అయితే కోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆకుకూర మాత్రం పొద్దున్నే కడిగి కొయ్యాలి, కోశాక కడగకూడదు
- క్యారేజీలు, స్పూన్లు, నీళ్ళ సీసాలు కడిగి బల్ల మీద పెట్టండి. ఇది పెద్దవాళ్ళ పని కానక్కర్లేదు, పదేళ్ళ పిల్లలు చేస్తారు, ఆయన కూడా చేస్తారు

పొద్దున్న, రెండు పొయ్యిల మీద:

- 5.45: ఒకవైపు కుక్కరు. కింద గిన్నెలో పప్పు, టమాటా, పచ్చిమిర్చి. పై గిన్నెలో బియ్యం. రెండోవైపు గుడ్లు ఉడకనివ్వండి.
- 6.00: గుడ్లు దింపి మూకుడు పెట్టి కూర వెయ్యండి. నూనె సీసాతో పొయ్యకండి, చెంచాతో కొలిచి పొయ్యండి. మూతపెట్టి మగ్గనిస్తే నలుగురి కూరకి నాలుగు టీ స్పూన్లు సరిపోతుంది.
- 6.15: ఆకుకూర కడిగి కోసి, కుక్కరు ఆవిరి పోగానే పప్పులో వేసి ఐదు నిమిషాలు ఉడికించండి. పోపు. పొయ్యి కట్టేశాక నిమ్మరసం పిండండి, మరుగుతుండగా కాదు.
- 6.30: కుక్కరున్న పొయ్యి మీద ఇడ్లీ పాత్ర లేదా పెనం.
- 6.45: ముందు మీ క్యారేజీ లేదా మీ గిన్నె సర్దండి. ఆ తర్వాతే మిగతావి. దీని గురించి ఏడో మెట్టులో చెబుతాను.

అన్నం గంజి వార్చే అలవాటు ఉంటే, ఆ గంజి పారబొయ్యకండి, అందులో బి విటమిన్లు కొంత పోతాయి. చారులోనో పప్పులోనో పోసేయండి, లేదా కొలిచిన నీళ్ళతో అత్తెసరు పెట్టండి.

ఒక వారం ఇలా అనుకోండి (మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు):

- సోమ: ఇడ్లీ, వేరుశనగ చట్నీ. మధ్యాహ్నం తోటకూర పప్పు, దొండకాయ కూర, గుడ్డు. రాత్రి ఆనపకాయ పులుసు, శనగల పోపు
- మంగళ: దిబ్బరొట్టె. చుక్కకూర పప్పు, అరటికాయ కూర. రాత్రి కోడిగుడ్డు పులుసు
- బుధ: ఊతప్పం. మెత్తళ్ళ ఇగురు లేదా బొబ్బర్ల కూర, బీరకాయ. రాత్రి పప్పుచారు, మునగాకు పొడి
- గురు: పెసరట్టు. కంద బచ్చలి, గుడ్డు. రాత్రి పెసరపప్పు, దోసకాయ
- శుక్ర: రాగి జావ, ఉడికించిన గుడ్డు. గోంగూర పప్పు, గుమ్మడికాయ. రాత్రి శనగల కూర, పుల్కా
- శని: మధ్యాహ్నం పాలకూర పప్పు, కూర. రాత్రి టిఫిను
- ఆది: చేపల పులుసు లేదా కోడికూర, పక్కన ఒక కూర తప్పకుండా

శనివారం ఒంటిపూట ఉండే ఇళ్ళు మనకి ఎక్కువ. రాత్రి తెల్ల ఉప్మాతో సరిపెట్టకండి, పెసరట్టు తినండి. నానిన పెసలు రుబ్బడమే, పులవక్కర్లేదు, టైం కూడా అంతే.

## 6. పిల్లలు తినకపోతే

"అన్నం తినడు మేడమ్, పాలు మాత్రం తాగుతాడు." ఈ మాట వినగానే నేను అడిగే మొదటి ప్రశ్న, రోజుకి ఎన్ని గ్లాసులు అని. మూడు నాలుగు గ్లాసుల పాలు, అందులో చాక్లెట్ పొడి, పంచదార. కడుపు నిండిపోయాక అన్నం ఎక్కడ తింటాడు? పాలల్లో ఐరన్ దాదాపు లేదు. రెండు గ్లాసులకి తగ్గించి, భోజనానికి గంటన్నర ముందు నుంచీ ఏమీ ఇవ్వకుండా చూడండి. చాలా ఇళ్ళలో సమస్య అక్కడికే తీరిపోతుంది.

పని విభజన ఇలా పెట్టుకోండి: ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ ఇష్టం. ఎంత తినాలి అన్నది వాడి ఇష్టం. వెంటపడి, ఫోన్ చూపించి, నోట్లో కుక్కితే ఆ పూటకి నాలుగు ముద్దలు దిగుతాయి, కానీ తన ఆకలి తనకి తెలియకుండా పోతుంది.

- కొత్త కూర మొదటిసారి తినరు. ఒక్క ముక్క కంచం అంచున పెట్టండి, తినమని అనకండి. పదిసార్లయినా అలా పెడుతూ ఉండండి
- ఇంట్లో పెద్దవాళ్ళు అదే కూర తినడం వాళ్ళకి కనపడాలి
- "కూర తింటే చాక్లెట్" అనకండి. కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని నేర్పినట్టవుతుంది
- క్యారేజీ తిరిగొస్తే తిట్టకుండా ఏది మిగిలిందో చూడండి. చాలాసార్లు సంగతి కూర కాదు, బడిలో తినడానికిచ్చే టైమే తక్కువ. అప్పుడు కలిపి ముద్దలా పెట్టివ్వండి
- ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకి మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగి జావ ఇస్తున్నారు. ఏ రోజు ఏమిటో కనుక్కుని ఇంట్లో దానికి తగ్గట్టు వండండి
- బడిలోనూ అంగన్‌వాడీలోనూ ఇచ్చే నులిపురుగుల మాత్ర మానిపించకండి

ఆరు నెలలు నిండిన బిడ్డకి కూడా వేరే వంట అక్కర్లేదు. మన పప్పులో ఉప్పు, కారం వెయ్యకముందే ఒక గరిటె తీసి, అన్నం, కాస్త నెయ్యి వేసి మెత్తగా మెదిపితే అదే ఆహారం. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార, తేనె వద్దు.

## 7. అమ్మ కంచం

ఇది చదివి మిగతావి వదిలేసినా నాకు బాధలేదు.

పెద్దవాళ్ళలో ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, మగవాళ్ళకి 19. నెల నెలా రక్తం పోతుంది కాబట్టి మనకే ఎక్కువ కావాలి. ఇంట్లో జరిగేదేమో తిరగబడి ఉంటుంది, ముక్కలు వాళ్ళ కంచంలోకి, పులుసు మన కంచంలోకి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, పిల్లల మీద ఊరికే చిరాకు. వీటిని మనం "పని ఎక్కువై" అనుకుంటాం.

చెయ్యవలసింది:

1. ముందు తీసిపెట్టుకోండి. వంట దింపగానే ఒక మూతగిన్నెలో మీ వాటా పెట్టుకోండి: గరిటెడు పప్పు, రెండు గరిటెల కూర, చేపముక్క లేదా గుడ్డు. అది మీ పేరున ఉన్న గిన్నె. చుట్టాలొచ్చినా దాన్ని ముట్టుకోకండి, ఇంకో గుడ్డు అట్టెయ్యండి.
2. టీ జరపండి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దు. తిండిలో ఐరన్ ఒంటికి పట్టకుండా చేస్తాయి. టిఫినుతో టీ తాగే అలవాటైతే, టీ ఆరింటికి, టిఫిను ఏడున్నరకి.
3. పులుపు కలపండి. ఆకుకూర పప్పులో నిమ్మరసం, భోజనం తర్వాత జామకాయ ముక్క లేదా ఉసిరికాయ. విటమిన్ సి ఉంటే ఆకుకూరల్లోని ఐరన్ బాగా పడుతుంది.
4. ఇనప మూకుడు బయటికి తియ్యండి. అందులో వండితే కొంత ఐరన్ కూరలోకి దిగుతుంది. వండగానే వేరే గిన్నెలోకి తీసేయండి, లేకపోతే కూర నల్లబడుతుంది.
5. రక్తపరీక్ష చేయించుకోండి. గర్భంతో లేని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత. డాక్టరు మాత్రలిస్తే పాలతో, టీతో వేసుకోకండి, నిమ్మరసంతో వేసుకోండి. బీట్‌రూట్ జ్యూస్ తాగుతూ మాత్రలు మానెయ్యకండి.

"అత్తయ్యగారు ఏమనుకుంటారో" అని చాలామంది ఆగిపోతారు. నేను చెప్పేది, అత్తయ్యగారి గిన్నె కూడా మీ గిన్నెతో పాటే తీసిపెట్టండి. "మీరూ నేనూ ఎప్పుడూ ఆఖర్నే తింటున్నాం అత్తయ్యా, డాక్టరమ్మ ఇలా తియ్యమంది" అని నా మీద వేసెయ్యండి. ఆవిడ కూడా నలభై ఏళ్ళుగా మిగిలిందే తిన్న మనిషి.

## 8. ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవాళ్ళుంటే

వేరే వంట వద్దు. అదే పప్పు, అదే కూర. షుగరు ఉన్నవాళ్ళకి కూర ముందు, అన్నం కొలిచిన గరిటెతో. పల్చగా తాగిన జావ త్వరగా షుగరు పెంచుతుంది, దాని బదులు రాగి రొట్టె, కూర మంచిది. బీపీ ఉన్నవాళ్ళ కూర ఆఖరి ఉప్పు వెయ్యకముందే పక్కకి తీసేయండి, ఊరగాయ, ఎండుచేప దూరంగా.

కిడ్నీ జబ్బున్నవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గర్భిణులు, బరువు కారణం లేకుండా తగ్గిపోతున్నవాళ్ళు ఈ మార్పులు డాక్టర్ని అడిగే చెయ్యాలి. పిల్లల బరువు రెండు మూడు నెలలుగా పెరగకపోయినా అంతే.

## 9. తరచుగా జరిగే తప్పులు, సరిచేసుకోవడం

రాత్రి అన్నం పొయ్యి మీదే వదిలెయ్యడం. మన ఉక్కలో ఇది ప్రమాదం. రెండు గంటల్లోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, తీసి ఒక్కసారే పొగలొచ్చేలా వేడిచెయ్యండి. చద్దన్నం కావాలంటే అన్నం చల్లారగానే మజ్జిగ, నీళ్ళు పోసి పొద్దున్నే తినండి, జిగట, వాసన వస్తే పారెయ్యండి. కరెంటు చాలాసేపు పోయిన రోజు ఫ్రిజ్‌లో కూరల మీద జాలి చూపించకండి.

వారానికి కూరలన్నీ ఒకేరోజు కోసేయడం. రెండు రోజులకి మించి కొయ్యకండి.

కొబ్బరి రెండుసార్లు. కూరలో కొబ్బరి వేసినరోజు నూనె సగం తగ్గించండి, చట్నీలో కొబ్బరి సగం, గుళ్ళు సగం.

పండు బదులు జ్యూస్. పీచు పోతుంది, పంచదార చేరుతుంది. పండు కోసి పెట్టండి.

ఆదివారం ముక్కే కూర. చేపో కోడో ఉంటే కూరగాయ ఉండదు. కనీసం ఉల్లి, దోసకాయ ముక్కలన్నా కంచంలో ఉండాలి.

అన్నీ ఒకేసారి మార్చడం. దీంతోనే ఎక్కువమంది పదోరోజుకి వదిలేస్తారు.

## 10. నాలుగు వారాలు, వారానికి ఒక మార్పు

- మొదటి వారం: మీ గిన్నె ముందు తీసిపెట్టుకోవడం, టీ జరపడం. అంతే
- రెండో వారం: కూర రెట్టింపు, కంచంలో కూర ముందు
- మూడో వారం: ఆదివారం గంటన్నర పని. కుదరకపోతే శనగలు, పొడి మాత్రమే చెయ్యండి
- నాలుగో వారం: పిల్లల పాలు, చిరుతిళ్ళు. కొట్టు ప్యాకెట్లు వారానికి రెండుకి తగ్గించడం

నాలుగో వారం ఆఖర్న మళ్ళీ మూడు రోజులు రాయండి. పాత పేజీ పక్కన కొత్త పేజీ పెట్టి, ముందు మీ వరస చూడండి. మీ మధ్యాహ్న భోజనం రెండింటిలోపు పడిందా, అందులో పప్పో గుడ్డో చేపో ఉందా, ఆకుకూర వారానికి నాలుగు రోజులన్నా వచ్చిందా. ఎక్కడ ఖాళీ ఉంటే వచ్చే వారం ఆ ఒక్కటే పట్టుకోండి.

ప్లాంటుకి వెళ్ళే ఆవిడ రెండో పుస్తకంలో ఒక మంగళవారం ఇలా ఉంది: "1.15 క్యారేజీ. అన్నం ఒక గరిటె, చుక్కకూర పప్పు, మెత్తళ్ళ ఇగురు, పెరుగు. టీ 3కి." కింద ఇంకో చేతిరాత, పెద్దబ్బాయిది: "అమ్మ గిన్నె నేనే సర్దాను."